నల్లపుల్ల చెప్పిన చలి

ఆమె భయం ఒక్కటే. తను పక్కగదిలో ఏదో పనిలో ఉండగా, అరవకుండా, పిలవకుండా, తన వాళ్లెవరో చప్పుడు లేకుండా పోతారని. చీకటంటే భయం లేదు. దొంగలంటే లేదు. బల్లులూ బొద్దింకలూ అంటే అసలే లేదు, చెప్పు తీసుకుని వెంటపడే రకం. ఇంట్లో చప్పుడు ఆగిపోతే మాత్రం ఆమెకు పై ప్రాణాలు పైనే పోతాయి.

అది ఊరికే పట్టుకున్న భయం కాదు. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచం పట్టింది. చూసుకునే దిక్కు లేక ఈమెను బడి మానిపించారు. "ఎన్నాళ్లులే, అమ్మకు నెమ్మదించాక మళ్లీ వెళ్దువుగాని" అన్నాడు తండ్రి. తల్లి ఒకటే దగ్గు. ఆ దగ్గు వినబడుతున్నంతసేపూ వంటింట్లో ఈమె చేతులు పని చేసుకుపోయేవి. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే దగ్గు ఆగింది. పోన్లే, అమ్మకు కాస్త కునుకు పట్టింది అనుకుంది. ఎక్కడ లేస్తుందోనని గిన్నెలు కూడా చప్పుడు కాకుండా బోర్లించింది. చేతులు తుడుచుకుని వచ్చి చూస్తే, ఇక చూడడానికేం లేదు.

మళ్లీ బడికి వెళ్లనూ లేదు, గిన్నెలు మెల్లగా బోర్లించనూ లేదు. ఇప్పటికీ ఆమె వంటింట్లో ఉందంటే కింది అంతస్తు దాకా తెలుస్తుంది.

పెళ్లయింది వాతావరణ కార్యాలయంలో పనిచేసే మనిషితో. నెల నెలా దేశంలోని కేంద్రాలన్నిటి నుంచీ వచ్చే ఎండలూ చలులూ వానలూ గాలులూ కూడదీసి, సగటు కట్టి, "గత నెల వాతావరణం" అని సారాంశం రాసే పని ఆయనది. పాపం, వాన కురిపించేది తనే అయినట్టు వీధిలో అందరూ ఆయన్నే అడుగుతారు. కింద లాండ్రీ నడిపే ఆయన మరీను. "మీ ఆయన వాన వస్తుందన్న రోజే నేను దుప్పట్లు ఆరేస్తాను చెల్లెమ్మా, అంత నమ్మకం నాకు!" అంటూ ఉంటాడు.

వాళ్లుండేది మేడ మీద, చిట్టచివరి అంతస్తులో. నెత్తి మీద కప్పు, కప్పు మీద ఆకాశం. ఆ అంతస్తులో రెండే వాటాలు. రెండోదాంట్లో ఒంటరిగా ఒక పెద్దావిడ, బట్టలు కుడుతుంది. చేతిలో కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును, అందుకని అందరూ కత్తెరమ్మ అంటారు. ఈమె మాత్రం పిన్నీ అని పిలుస్తుంది. ఆవిడ ఈమెను గాలివానా అని పిలుస్తుంది. మొగుడేమో వాతావరణం మనిషి, ఈమేమో ప్రతిదానికీ గాలివానలా ఊగిపోతుంది, ఇంతకన్నా అతికే పేరుందా అని ఆవిడ వాదన.

బిడ్డ నిండు చలికాలంలో, నెలలు నిండకుండానే పుట్టింది. అరచేతిలో పట్టేంత. కత్తెరమ్మ చూడడానికొచ్చి, "ఇదేమిటే, గుప్పెడే కన్నావు!" అంది. బిడ్డకు ఆ పేరే నిలిచిపోయింది. ఆస్పత్రి వాళ్లు వెచ్చగా ఉంచమన్నారు. అంతే, ఈమెకు నిద్ర లేదు. నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం, ఊపిరి తగలకపోతే గిల్లడం, గుప్పెడు కెవ్వుమంటే అప్పుడు తను ఊపిరి పీల్చుకోవడం. నుదురు చల్లబడిందని ఒకసారి, వేడెక్కిందని ఇంకోసారి దుప్పట్లో చుట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. మూడోసారి డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "చూడమ్మా, మీ చెయ్యి థర్మామీటరు కాదు. మీకు కంగారు పుడితే మీ ఒళ్లే వేడెక్కుతుంది. ఆ చేత్తో పట్టుకుంటే ఏదైనా వేడిగానో చల్లగానో ఉంటుంది. ఇంటికెళ్లండి" అన్నాడు. పక్కనున్న నర్సులు నవ్వారు.

ఆమె తల దించుకుని ఇంటికొచ్చింది. అప్పటినుంచీ తన చేతిని తను నమ్మడం మానేసింది.

ఈ బాధ చూడలేక ఆయన ఆఫీసు నుంచి ఒక గాజుగొట్టం తెచ్చాడు. పాత సామాన్లలో పారేసింది. వెనక చెక్క ఒక చివర విరిగింది గానీ గొట్టమూ దాని మీది అంకెలూ బాగానే ఉన్నాయి. అందులో నీళ్లలాగా రంగు లేని ద్రవం, ఆ ద్రవంలో మునిగి అగ్గిపుల్లలో సగం కూడా లేని నల్లపుల్ల. ఉయ్యాల పక్కన మేకులు కొట్టి గోడకు అడ్డంగా పెట్టాడు.

"ఈ పుల్ల చూశావా? దీని కుడి చివర ఎక్కడుందో ఆ అంకె చదువు. అంతే. గది ఎంత చల్లబడిందో అదే చెబుతుంది. సాయంత్రం పూట ఒక్కసారి గొట్టాన్ని ఇలా వంచి పుల్లను నీళ్ల చివరికి జార్చు. మిగతాదేం పట్టించుకోకు."

"లోపల నీళ్లు కూడా కదులుతున్నాయి కదండీ?"

"నీళ్ల సంగతి వదిలెయ్. అవి ఆడుతూనే ఉంటాయి. పుల్ల చూడు, చాలు. చెయ్యి పెట్టి చూడకు, పుల్ల చూడు."

చలికాలమంతా ఆ పుల్లే ఆమెను కాపాడింది. పొద్దున లేవగానే చూసేది. పుల్ల పన్నెండు దగ్గరుంటే మరో దుప్పటి, పదిహేను దగ్గరుంటే ఉన్న దుప్పటే. ఆస్పత్రికి పరుగులు తగ్గాయి. మొగుడితో కూడా మాట పట్టింపులు తగ్గాయి. పుల్ల చెప్పాక ఇంక వాదనెందుకు?

కత్తెరమ్మ కూడా ఆ పుల్లకు అలవాటు పడిపోయింది. రెండు వాటాలకూ మధ్య గోడ ఒక్క వరస ఇటుక. అవతల దారం తెగితే ఇవతల వినిపిస్తుంది. పొద్దున్నే గోడ మీద కత్తెరతో టకటకమని కొట్టి, "ఏమే గాలివానా, ఈ పూట ఎంత?" అని అరిచేది.

"పదమూడు పిన్నీ!"

"అమ్మో! అయితే ఈ పూట స్వెట్టరు మీద స్వెట్టరే!"

ఆ తరవాత కుట్టుమిషను మొదలయ్యేది, సాయంత్రం దాకా గడగడమంటూ. మొదట్లో బిడ్డ లేస్తుందని ఈమె విసుక్కునేది కానీ, రానురానూ ఆ చప్పుడు ఆమెకు ధైర్యం అయింది. అవతల మనిషి ఉంది, పని చేసుకుంటోంది, అంతా సవ్యంగానే ఉంది. చెప్పుకోలేదు గానీ, తల్లి దగ్గు వింటూ పనిచేసుకున్నట్టే ఆ మిషను వింటూ పనిచేసుకునేది.

వసంతం వచ్చింది. వచ్చిందన్న పేరే గానీ, నెల సగం దాకా చలి కదల్లేదు. చిగుళ్ల మీద మంచు కురిసింది. ఇంతటి చలి ఈ నెలలో ఎప్పుడూ చూడలేదని పెద్దవాళ్లంతా ముక్కు మీద వేలేసుకున్నారు. కత్తెరమ్మ తన కిటికీ సందుల్లో కూరిన గుడ్డపీలికలు తియ్యనే లేదు. అసలే కీళ్లనొప్పులు.

ఆపైన ఎవరో తలుపు తన్ని లోపలికొచ్చినట్టు ఎండ వచ్చి పడింది. నిన్న కోటు వేసుకున్న వాళ్లు ఇవాళ నీడ వెతుక్కుంటున్నారు. అయినా తెల్లవారుజామున మాత్రం ఇంకా చల్లగానే ఉంటోంది. అదే వచ్చింది తంటా.

పగలు ఆమెకు ఒళ్లంతా చెమట. గోడ తాకితే వేడి, మంచం తాకితే వేడి, కుండలో నీళ్లు కూడా వెచ్చగా. ఇదేమిటి ఇలా ఉందని పుల్ల వైపు చూసేది. పుల్ల ఇరవై దగ్గర. అయితే వేడి గదిలో లేదు, నాలోనే ఉంది అనుకునేది. కంగారు పుడితే ఒళ్లే వేడెక్కుతుందని డాక్టరుగారే చెప్పారు కదా. కంగారు పడకూడదు, కంగారు పడకూడదు అని తనకు తను చెప్పుకుంటూ, చెమట తుడుచుకుంటూ, బిడ్డకు ఊలు టోపీ పెట్టి పడుకోబెట్టేది. ఎంత గట్టిగా నమ్ముదామనుకున్నా ఆ చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. మాటిమాటికీ బిడ్డ నుదుటి మీదికి పోయేది. పోయిన చేతిని తనే వెనక్కి లాక్కునేది.

ఆయనకు తెలిసే వీలు లేదు. నెలాఖరు. పొద్దున చల్లటి వేళ వెళ్లి, పొద్దుపోయాక చల్లబడ్డ ఇంటికి వస్తున్నాడు. వచ్చాక కూడా మనిషి ఇక్కడ, మనసు ఆ అంకెల్లో.

ఆ రోజు పొద్దున కూడా గోడ టకటకమంది.

"ఏమే గాలివానా, ఎంతే?"

"ఇరవై ఒకటి పిన్నీ!"

"అంతేనా? నాకేమిటో తల దిమ్ముగా ఉందే. కిటికీ తీద్దామా అనుకుంటున్నా. ఆ పీలికలన్నీ పీకాలంటే బద్ధకం."

"ఇరవై ఒకటికి కిటికీ ఎందుకు పిన్నీ, మళ్లీ మోకాళ్లు పట్టేస్తాయి. రాత్రి ఏమైనా తిన్నారా? ఖాళీ కడుపుకు తల తిరుగుతుంది. స్వెట్టరు మాత్రం తియ్యకండి!"

"అబ్బో, నాకు అత్తగారు లేని లోటు నువ్వు తీరుస్తున్నావు" అంది కత్తెరమ్మ. మిషను గడగడమంది.

మధ్యాహ్నానికి గుప్పెడు పాలు తాగలేదు. రొమ్ము పట్టింది, వదిలేసింది. మళ్లీ పట్టించబోతే తల పక్కకు వాల్చేసింది. ఏడవనూ లేదు. ఏడిస్తే బాగుండేది. కళ్లు అరమోడ్పుగా, పెదవులు ఎండి, తల్లి చేతిలో గుడ్డలా ఉంది. చెయ్యి నుదుటి మీదికి పోయింది. కాలిపోతోంది. కాదు కాదు, నా చెయ్యే కాలుతోంది. పుల్ల చూసింది. ఇరవై ఒకటి.

ఉండబట్టలేక ఆఫీసుకు ఫోను చేసింది.

"ఏమండీ, గుప్పెడు పాలు తాగడం లేదు. గది మంటెత్తిపోతున్నట్టుంది. నాకే అలా ఉందో ఏమో తెలీదు. ఏం చెయ్యమంటారు?"

అవతల కాగితాల చప్పుడు. ఎవరో ఆయన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. "పుల్ల ఎంత ఉంది?"

"ఇరవై ఒకటి."

"ఇరవై ఒకటేగా. హాయిగా ఉందన్న మాట. కంగారు పడకు. కాసేపు పడుకోబెట్టు, లేచాక తాగుతుంది. నాకిక్కడ తల ప్రాణం తోకకొస్తోంది, మళ్లీ మాట్లాడతా."

ఫోను పెట్టేశాడు. ఆమె బిడ్డను పడుకోబెట్టింది. ఉయ్యాల పక్కన నేల మీద కూర్చుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గోడ అవతల మిషను కూడా ఆగింది. పోన్లే, పిన్ని కూడా కాస్త నడుం వాల్చినట్టుంది, బిడ్డకు నిద్ర పడుతుంది అనుకుంది. చేతిలో గ్లాసు ఉంటే అది కూడా చప్పుడు కాకుండా నేల మీద పెట్టింది.

పెట్టాక తన చేతి వైపే చూస్తూ ఉండిపోయింది. ఏదో గుర్తొస్తోంది గానీ అదేమిటో పట్టుబడడం లేదు.

ఫోను మోగింది.

"ఇందాక నువ్వు చూసింది పుల్లేనా?" ఆయన గొంతు ఆయన గొంతులా లేదు.

"పుల్లే. మీరు పుల్లే చూడమన్నారు కదా."

"పుల్ల కాదు... ఆ పుల్ల చెప్పేది తెల్లవారుజామున ఎంత చల్లబడిందో అది. చలి తగ్గాక అది అక్కడే ఉండిపోతుంది. నీళ్లు దాన్ని దాటి ముందుకెళ్లిపోతాయి. ఇప్పుడే రాస్తున్నా, ఇవాళ ఇక్కడ పగటి వేడి ఈ నెలకు ఇదివరకెప్పుడూ లేనంత. అది రాస్తూ ఉంటే... నీళ్లు ఎక్కడున్నాయో చూడు. నీళ్ల చివర చూడు!"

రంగు లేని నీళ్లు. ఎప్పుడూ పట్టించుకోని నీళ్లు. గొట్టానికి కళ్లానించి వెతికింది. ఇరవై ఒకటి దగ్గర లేదు. ముప్పై దగ్గర లేదు. ఇంకా అవతల, చెక్క విరిగిన చోట, సన్నటి గీతలా మెరిసింది నీళ్ల చివర.

"ముప్పై తొమ్మిది దాటిందండీ" అంది.

ఆయన ఏం చెబుతున్నాడో వినలేదు. ఫోను కింద పడేసింది. బిడ్డ టోపీ లాగేసింది, చొక్కా లాగేసింది, దుప్పటి అవతల పారేసింది. తడిగుడ్డతో తలా ఒళ్లూ తుడిచింది. ఉగ్గుగిన్నెలో పాలు పిండి చెంచాతో పెదవులు తడిపింది. "మింగు నాన్నా, మింగు తల్లీ, ఒక్క గుక్క, నీకు దండం పెడతా" అంటూనే ఉంది. రెండు చుక్కలు జారిపోయాయి. మూడోది గొంతు దిగింది. తడిగుడ్డ మళ్లీ పొట్ట మీద పడేసరికి గుప్పెడు మొహం చిట్లించి, నోరు తెరిచి, ఊరంతా వినబడేలా ఏడుపు లంకించుకుంది.

ఆ ఏడుపు వినడంతోనే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. "ఏడువు, ఇంకా ఏడువు" అంటూ బిడ్డను భుజాన వేసుకుని గదిలో తిరిగింది.

బిడ్డ ఇంతలా గుక్కపట్టి ఏడుస్తోంది. మామూలుగా అయితే ఈపాటికి గోడ టకటకమనాలి. "దాని నోట్లో ఏదైనా పెట్టవే తల్లీ, నా సూది తప్పుతోంది!" అని కేక రావాలి.

రాలేదు.

అప్పుడు తెలిసింది ఇందాక ఏం గుర్తొచ్చిందో.

"పిన్నీ!" గోడ మీద అరచేత్తో కొట్టింది. "పిన్నీ! పలకండి!" గిన్నె తీసి కొట్టింది. సున్నం రాలింది గానీ జవాబు రాలేదు.

బిడ్డను చంకన వేసుకుని పక్కవాటాకు పరిగెత్తింది. కత్తెరమ్మ తలుపుకు ఒక ఏర్పాటుంది. బేరం వచ్చిన ప్రతిసారీ మిషను ముందు నుంచి లేవలేక, లోపలి గడియకు గట్టి దారం కట్టి తలుపు పైసందులోంచి బయటికి వేలాడదీసింది. తెలిసిన వాళ్లు ఆ దారం లాగితే గడియ లేస్తుంది. పక్కనే ఉంటూ కూడా ఈమె ఆ దారం ముట్టుకుని ఎన్నాళ్లయిందో. గోడ ఉండగా తలుపుతో పనేముంది?

దారం లాగింది. గడియ లేచింది.

తలుపు తియ్యగానే లోపలి గాలి మరుగుతున్న గిన్నె మూత తీసినట్టు మొహానికి కొట్టింది. కిటికీ మూసే ఉంది, పీలికలు కూరినవి కూరినట్టే ఉన్నాయి. కత్తెరమ్మ మిషను మీదికి వాలిపోయి ఉంది. చెంప కింద ఎవరిదో సగం కుట్టిన చొక్కా. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న స్వెట్టరు. మొహం ఎర్రగా కమిలిపోయి ఉంది. ఇంత వేడిలోనూ ఒంటి మీద చెమట చుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే నిప్పు.

ఈసారి ఆమె తన చేతిని నమ్మింది.

"పిన్నీ, పిన్నీ, ఇటు చూడండి!"

ఆవిడ కళ్లు కొంచెం తెరుచుకున్నాయి గానీ ఆ కళ్లు దేన్నీ చూడడం లేదు. నాలుక మందంగా కదిలింది. "ఎంతే... ఈ పూట?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.

బిడ్డను నేల మీద పడుకోబెట్టి కిటికీ మీద పడింది. పీలికలు పీకుతుంటే గోళ్లు విరిగాయి. కిటికీ రాలేదు. మిషను పక్కనున్న పెద్ద కత్తెర తీసుకుని సందులో దూర్చి లాగితే తెరుచుకుంది. అదే కత్తెరతో స్వెట్టరును నిలువునా కత్తిరించేసింది. ఆవిడ ఎంతో ఇష్టంగా అల్లుకున్న స్వెట్టరు. మెట్ల దగ్గరికి వెళ్లి నెత్తీ నోరూ బాదుకుంటూ అరిచింది. "అన్నయ్యా! లాండ్రీ అన్నయ్యా! పిన్ని పోతోంది, రండి!"

లాండ్రీ ఆయన ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే మనిషి. అప్పుడు మాత్రం మాట లేకుండా పైకొచ్చాడు. ఒక్క చూపు చూసి, వచ్చిన దారినే దిగి, నీళ్లోడుతున్న దుప్పట్లు మోసుకుని వచ్చాడు. ఎవరివో ఏమో, ఉతికి ఇంకా పిండనివి. ఇద్దరూ కలిసి కత్తెరమ్మను ఆ దుప్పట్లలో చుట్టారు. అంబులెన్సుకు ఫోను చేస్తే అన్నీ బయటే ఉన్నాయన్నారు, ఇవాళ ఊరంతా ఇదే పని అన్నారు. లాండ్రీ వ్యానులో మూటల మధ్య పడుకోబెట్టి తీసుకెళ్లారు. దారంతా ఆమె ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో తడిదుప్పటి పిండి ఆవిడ తల మీద నీళ్లు పోస్తూనే ఉంది.

"పిన్నీ, మాట్లాడండి. నన్ను తిట్టండి పిన్నీ. స్వెట్టరు కోసేశాను, తిట్టండి!"

కత్తెరమ్మ తిట్టలేదు.

ఆస్పత్రి నడవాలో నేల మీద కూడా మనుషులున్నారు. అందరూ పెద్దవాళ్లూ పసివాళ్లూ. ముందు గుప్పెడును చూశారు. నీరసం, తేరుకుంటుంది, కాసేపు ఇక్కడే ఉంచండి అన్నారు. కత్తెరమ్మను లోపలికి తీసుకుపోయారు. కొంతసేపటికి నర్సు బయటికొచ్చింది. చలికాలంలో ఈమెను చూసి నవ్విన నర్సుల్లో ఒకావిడ. ఇవాళ నవ్వే ఓపిక ఆవిడకూ లేదు.

"ఆవిడకు మీరేమవుతారమ్మా?"

"పక్కవాటా."

"ఆవిడ్ని రోజూ చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"నేనే. రోజూ పొద్దున్నే పలకరిస్తాను."

"అయితే ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది? మొహం ఎప్పటినుంచి ఎర్రబడింది? నీళ్లు తాగుతోందా? మాట తడబడడం ఎప్పుడు మొదలైంది?"

ఆమె బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకుంది. ఒక్కదానికీ జవాబు లేదు.

"రోజూ చూస్తానన్నారు కదమ్మా?"

"చూడలేదండీ. విన్నాను. గోడలోంచి."

నర్సు ఈమె భుజం మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

సాయంత్రానికి ఆయన వచ్చాడు, చెప్పులు అరిగేలా పరిగెత్తినట్టున్నాడు. బిడ్డను ఎత్తుకున్నాడు, ఒళ్లంతా తడిమి చూశాడు, ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"చలికాలంలో పెట్టాను అది. వసంతం రాగానే మార్చాలని తట్టలేదు" అన్నాడు. "రోజంతా అలాంటి అంకెలతోనే ఉంటాను. అయినా నువ్వు ఇరవై ఒకటి అంటే ఊఁ అన్నాను."

"నేను పిన్నికి చెప్పాను" అందామె. "కిటికీ తీస్తానంటే వద్దన్నాను. స్వెట్టరు తియ్యొద్దన్నాను. తల తిరుగుతోందని చెప్పింది, అయినా పుల్ల చూసే చెప్పాను. నాకు చెమటలు పోస్తున్నా పుల్ల చూసే చెప్పాను."

ఆయన బిడ్డను ఆమె ఒళ్లో పెట్టాడు.

మర్నాడు పొద్దున నడవాలో ఎవరి దగ్గరో రేడియో మోగుతోంది. "ముగిసిన నెలలో దేశమంతటా సగటు ఉష్ణోగ్రత మామూలుగానే నమోదైంది" అని చదువుతున్నారు. ఆయన తల వంచుకున్నాడు. అవి ఆయన రాసిన మాటలే.

"మామూలా?" అందామె. అరవలేదు. అరిచే శక్తి లేదు. నేల మీద పడుకున్న వాళ్లనందరినీ చేత్తో చూపించింది. "ఇదా మామూలు?"

"మొదటి సగం గడ్డకట్టించింది, చివర కాల్చేసింది. రెండూ కలిపి సగం చేస్తే మామూలే వస్తుంది. లెక్క తప్పు కాదు. రికార్డు వేడి సంగతి కింద రాశాను, అదింకా చదవలేదు." రేడియో వైపు చూశాడు. "చదవరు కూడా. వేళ సరిపోదంటారు."

నిజంగానే చదవలేదు. పాట వేశారు.

"రాయండి" అందామె ఆయన చొక్కా పట్టుకుని. "ఇలా మనిషి పడిపోయిందని రాయండి. తలుపు మూసుకుని ఒక్కతే ఉందని రాయండి."

"దానికి మా కాగితంలో గడి లేదు" అన్నాడాయన. ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా చొక్కా వదల్లేదు. గుప్పెడు వాళ్లిద్దరి మధ్యా ఇరుక్కుని, పాల కోసం నోరు చాస్తోంది.

కత్తెరమ్మ ఇంకా కళ్లు తెరవలేదు. తెరుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు, ఆమె అడగడమూ మానేసింది. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ఉంటోంది. ఆ చెయ్యి ఒక్కోసారి వెచ్చగా, ఒక్కోసారి చల్లగా తగులుతోంది. కత్తిరించిన స్వెట్టరును సంచీలో పెట్టుకుని తెచ్చింది. లేచాక కుడతానంటుందేమో, లేకపోతే తిడుతుందేమో, ఏదో ఒకటి. రాత్రి కాసేపు ఇంటికి వెళ్లి పడుకుంటే, గోడ అవతల నుంచి ఏ చప్పుడూ లేదు. లేచి కూర్చుంది. తెల్లారేదాకా అలాగే కూర్చుంది.

మీ మేడ మీద కూడా ఎండ నేరుగా పడే చివరి వాటాలో ఎవరో ఒకరు ఒంటరిగా ఉండే ఉంటారు. పొద్దున పలకరిస్తే బాగానే ఉన్నానని అనే ఉంటారు. ఈ నెల అంతా మామూలేనని మీరూ వినే ఉంటారు. ఇది పక్కన పెట్టి ఒక్కసారి లేవండి. గోడ మీద కొట్టి ఊరుకోకండి, ఫోను చేసి ఊరుకోకండి. మెట్లెక్కి వెళ్లి తలుపు తీయించి, మొహం చూసి, చెయ్యి పట్టుకుని చూసి రండి.